5 హెచ్‌పీ మోటార్ ఖాళీగానే 8.7 ఆంప్స్ లాగుతోంది: తప్పు వైండింగ్‌దా, మిషన్‌దా, రిలేదా?

ఆటోనగర్ షెడ్:
అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో నాకు చిన్న టర్నింగ్ షెడ్ ఉంది. మూడు నెలల కిందట కొరియా నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ లేత్ కొన్నాను. అమ్మినాయన ఫుల్ రీకండిషన్ అన్నాడు. బెడ్ గ్రైండింగ్ నిజంగానే బాగుంది. మోటార్ కూడా కొత్తగా చుట్టించాం అన్నాడు. రంగు మాత్రం ఎంత మందంగా కొట్టారంటే గ్రీజు నిపుల్స్ కూడా పూడిపోయాయి.

అసలు గొడవ మెయిన్ మోటార్‌తో. 5 హెచ్‌పీ, త్రీ ఫేజ్, డెల్టా. రిలే (కరెంట్ ఎక్కువైతే మోటార్‌ను ఆపేసేది) 7.5 ఆంప్స్ మీద పెట్టాను. చక్‌లో జాబ్ లేకుండా తిప్పినా టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి కరెంట్ కొలిచేది) 10.8 చూపిస్తోంది, ఏడెనిమిది నిమిషాల్లో రిలే కొట్టేస్తోంది. బెల్టులు తీసేసి మోటార్ ఒక్కదాన్నే తిప్పితే ఆర్ ఫేజు 8.7, వై ఫేజు 8.4, బి ఫేజు 8.8. ఇరవై నిమిషాలకు బాడీ మీద చెయ్యి ఆనడం లేదు. వోల్టేజ్ 422, 418, 425. బేరింగులు కొత్తవి, చేత్తో తిప్పితే వెన్నలా తిరుగుతుంది. మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్ష) వేయిస్తే బాగానే వచ్చింది.

ఇంకో రెండు సంగతులు, పనికొస్తాయో లేదో. కూలెంట్ పంపు మోటార్ మొదటి వారమే కాలిపోయింది, పాత సరుకు కదా అని వదిలేశాను. బెల్టు జారుతోందని కూడా అనుమానం. హెడ్‌స్టాక్ (చక్‌ను తిప్పే గేర్ల పెట్టె) మీద 1800 అని ఉన్న గేరులో టాకోమీటర్ 1500 దాటడం లేదు.

చుట్టినాయన్ని అడిగితే "నా వైండింగ్‌లో తప్పు లేదు, మిషన్ టైట్‌గా ఉంది" అంటాడు. అమ్మినాయన "రిలే పెంచుకో" అంటాడు. ఎవరి మాట నమ్మాలి?

పంపుసెట్:
అన్నా, టెన్షన్ పడకు. రిలే 11 మీద పెట్టి తిప్పుకో. మా బోరు మోటార్ రెండుసార్లు చుట్టించాం. చుట్టిన మోటార్ ఎప్పుడూ కొంచెం ఎక్కువే లాగుతుంది. పదేళ్లుగా రిలే పెంచే నడుపుతున్నాం.

వైండింగ్ బాబాయ్:
రెండుసార్లు చుట్టించామని నువ్వే చెబుతున్నావు తమ్ముడూ. నీలాంటి వాళ్ల దయవల్లే మా ఇల్లు గడుస్తోంది.

వేడి కరెంట్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 7.5 దగ్గర ఉండాల్సిన తీగలో 10.8 పోతే వేడి రెట్టింపు పైమాటే. రిలే పెంచితే ఆ వేడి ఎక్కడికీ పోదు, చెప్పేవాడి నోరు మూతపడుతుంది, అంతే.

ఇక షెడ్ బాబూ, బెల్టులు తీసి చూశావు కనుక మిషన్ టైట్ అనే మాట అక్కడితో చెల్లిపోయింది. 5 హెచ్‌పీ, 4 పోల్ మోటార్ ఖాళీగా మూడు, మహా అయితే మూడున్నర లాగాలి. నీది ఖాళీగానే ఫుల్ లోడ్ దాటేసింది. మూడు ఫేజులూ ఇంచుమించు సమానంగా ఉన్నాయి కాబట్టి ఒక కాయిల్ షార్ట్ అయిందనో, తిరగేసి కలిపారనో అనలేం. అలా అయితే ఒక ఫేజు ఎగిరి కనిపించేది. మూడూ కలిసి పెరిగాయంటే నాకు తట్టేవి మూడే: టర్నులు (తీగ చుట్లు) తగ్గించి చుట్టారు, లేదా స్టార్‌లో ఉండాల్సినదాన్ని డెల్టాలో కలిపారు (డెల్టాలో ఒక్కో వైండింగ్‌కు పూర్తి వోల్టేజ్ అందుతుంది, స్టార్‌లో తక్కువ), లేదా రోటర్ ఎక్కడో రాసుకుంటోందని లేత్‌కు పెట్టి చెక్కేశారు. తిరిగే రోటర్‌కీ, దాని చుట్టూ కదలకుండా వైండింగ్‌తో ఉండే స్టేటర్‌కీ మధ్య గ్యాప్ పావు మిల్లీమీటరు, మహా అయితే అర. దాన్ని పెంచితే మ్యాగ్నెట్ కావడానికే కరెంట్ అంతా పోతుంది.

టెర్మినల్ బాక్స్‌లో ఆరు తీగలు బయటికి వచ్చి ఉంటే ఒక పని చెయ్యి. పట్టీలు తీసి స్టార్‌లో కలుపు, బెల్టు లేకుండా ఐదు నిమిషాలు తిప్పి ఆంప్స్ రాయి.

ప్యానెల్ బోర్డు:
బాబాయ్ గారితో కొంత ఏకీభవిస్తాను, కొంత కాదు. ముందుగా సప్లై సంగతి. మూడు వోల్టేజీల సగటు 421.7, అందరికన్నా దూరంగా ఉన్నది 418. తేడా ఒక శాతం లోపే. దీన్ని పక్కన పెట్టేయొచ్చు. 415 మోటార్‌కు 422 పెద్ద ఎక్కువేం కాదు.

నా అనుమానం కోర్ (స్టేటర్‌లోని ఇనుప రేకుల దిమ్మ) మీద. పాత వైండింగ్ ఊడదీయడానికి స్టేటర్‌ను మంటలో పడేస్తారు. 370 డిగ్రీలు దాటితే స్టాంపింగుల (ఆ రేకుల) మధ్య ఉండే ఇన్సులేషన్ పోతుంది, కోర్ మొత్తం ఒకే ఇనుప ముద్దలా తయారవుతుంది. ఈ మోటార్‌కు అదే జరిగి ఉంటుంది. కొత్త మోటార్ కొనండి, వదిలిపోతుంది.

వైండింగ్ బాబాయ్:
మంటలో వేయడం తప్పే, ఒప్పుకుంటాను. మా షాపులో కూడా ఒకప్పుడు వేశాం. కానీ కోర్ కాలితే ముందు వాట్లు పెరుగుతాయి, బాడీ కాలుతుంది. ఆంప్స్ మూడు నుంచి తొమ్మిదికి ఎగబాకవు. చూడకుండానే కొత్త మోటార్ కొనమనడం డాక్టర్ నాడి పట్టకుండా ఆపరేషన్ రాసినట్టుంది.

ఆటోనగర్ షెడ్:
బాబాయ్ చెప్పినట్టే చేశాను. తీగలు ఆరూ బయటే ఉన్నాయి. స్టార్‌లో కలిపితే 1.4, 1.4, 1.3! మోటార్ అసలు తిరుగుతోందా అన్నంత నెమ్మదిగా ఉంది శబ్దం. డెల్టాలో ఉన్న గురగుర లేదు. అరగంట తిప్పినా గోరువెచ్చగానే ఉంది.

అంటే కనెక్షనే తప్పా?

పంపుసెట్:
చూశావా, సంగతి తేలిపోయింది. స్టార్‌లోనే వదిలెయ్. రిలే కూడా పెంచక్కర్లేదు.

వైండింగ్ బాబాయ్:
తొందరపడకు. స్టార్ సరైన కనెక్షన్ అయితే ఖాళీగా మూడు ఆంప్స్ రావాలి. 1.4 అంటే మరీ తక్కువ, మోటార్ సగం ఆకలితో ఉంది. డెల్టాలో తిండి ఎక్కువై ఆయాసపడుతోంది, స్టార్‌లో పస్తుంటోంది. అసలు ఆకలి ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంది. నేనైతే టర్నులు తగ్గించారనే అంటాను. పాత కాయిల్ లెక్కపెట్టకుండా చేతికి వచ్చినట్టు చుట్టి ఉంటాడు.

దమ్మాం ఫిట్టర్:
అన్నలకు నమస్తే. మాది జగిత్యాల, సౌదీలో మెయింటెనెన్స్ పని. రెండు రోజుల నుంచి చదువుతున్న, ఒక మాట అడుగుత. హెడ్‌స్టాక్ మీద 1800 ఉన్న కాడ 1500 వస్తుందన్నరు. మిగతా గేర్లల్ల ఎంత వస్తుంది? 1200 ఉన్న కాడ 1000, 600 ఉన్న కాడ 500 వస్తుంటే అది బెల్టు జారుడు కాదు. బెల్టు జారితే ఒక్కోసారి ఒక్కోతీరు జారుతది గాని, అన్ని గేర్లల్ల లెక్కపెట్టినట్టు ఆరో వంతే ఎట్ల తగ్గుతది?

మాకిక్కడ కరెంటు సెకనుకు 60 సైకిల్స్. 4 పోల్ మోటార్ 1700 పైననే తిరుగుతది. ఇండియాల 50 సైకిల్స్‌కు 1440. కొరియాల కూడా 60 సైకిల్సే, ఫ్యాక్టరీలల్ల 380 వోల్టులు. మీ మోటార్ ప్లేటు మీద ఏముందో ఎవరూ అడగలే, మీరూ చెప్పలే.

ఆటోనగర్ షెడ్:
ప్లేటు ఉందన్న సంగతే నాకు తెలియదు అన్నా! రంగు కింద ఉంది. థిన్నర్‌లో తడిపిన గుడ్డ పావుగంట కప్పి ఉంచి, చెక్కముక్కతో గీకాను. మొదట బూడిదరంగు, దాని కింద ఆకుపచ్చ, ఆ కింద ఇత్తడి. అక్షరాలు కొన్ని పోయాయి గానీ అంకెలు కనిపిస్తున్నాయి: 3.7 కిలోవాట్లు, 380 వోల్టులు, 60, 1720.

గేర్లు కూడా చూశాను. 1200 దగ్గర 1000కి కాస్త అటూ ఇటూ, 600 దగ్గర 500. కాలిపోయిన కూలెంట్ మోటార్ మూలన పడి ఉంటే దాన్ని కూడా గీకాను. దాని మీదా 380, 60.

వైండింగ్ బాబాయ్:
ఇన్నేళ్ల అనుభవం అనుకుంటాను గానీ ఆ 1500 మాట చదివి కూడా దాటుకుంటూ పోయాను. దమ్మాం తమ్ముడికి దండం.

ఇప్పుడు లెక్క కుదిరింది. 380ని 60తో భాగిస్తే ఒక్కో సైకిల్‌కు 6.33 వోల్టులు. మన 415ని 50తో భాగిస్తే 8.3. అంటే ఇనుము మీద 31 శాతం ఎక్కువ భారం. ఇనుము నిండిపోయాక చివరి కొంచెం కోసం కరెంట్ విపరీతంగా లాగుతుంది. 50 సైకిల్స్ మీద ఈ మోటార్‌కు కావాల్సింది 317 వోల్టులు. నువ్వు స్టార్ కలిపినప్పుడు ఒక్కో ఫేజుకు అందింది 240. అందుకే ఆ పస్తు.

కాబట్టి చుట్టినవాడు పాత టర్నులే పొల్లుపోకుండా చుట్టాడు. నేను వాడిని అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ప్యానెల్ బోర్డు:
నేను తీసుకోను. 380, 60 అని ఉన్న మోటార్ చేతికొచ్చినప్పుడు "ఇది ఎక్కడ నడుస్తుంది?" అని ఒక్క మాట అడగాలా వద్దా?

వైండింగ్ బాబాయ్:
ప్లేటు ఊడదీసి ఒట్టి స్టేటర్ పంపిస్తే ఎవరిని అడుగుతాం? మాకు రోజూ అలాగే వస్తాయి. ఉన్నది ఉన్నట్టు చుట్టమంటారు, చుడతాం. ప్లేటు మీద రంగు కొట్టినవాణ్ణి అడగండి.

పంపుసెట్:
ఎవరి తప్పయితే ఏంటి గానీ, స్టార్‌లో పని నడుస్తోంది కదా. చిన్న జాబులకు సరిపోదా?

ప్యానెల్ బోర్డు:
ఈసారి పంపుసెట్ గారి మాటలో కొంత పస ఉంది. 317 బదులు 240 అంటే టార్క్ సుమారు 57 శాతం. ఫినిషింగ్ కట్, ఎమరీ పట్టడం, చిన్న బుష్‌లకు నడుస్తుంది. పెద్ద కట్ వేస్తే మోటార్ కుంగుతుంది, కరెంట్ మళ్లీ పెరుగుతుంది. రిలే మాత్రం 4.5 దాటనివ్వొద్దు, స్టార్‌లో లైన్ కరెంట్ అంతా ఒక్కో వైండింగ్‌లోంచే పోతుంది.

శాశ్వతంగా అయితే డ్రైవ్ (సైకిల్స్‌నూ వోల్టేజ్‌నూ మార్చి మోటార్‌కు ఇచ్చే పెట్టె) పెట్టండి. మోటార్ డెల్టాలోనే ఉంచి, డ్రైవ్‌లో బేస్ ఫ్రీక్వెన్సీ 60, బేస్ వోల్టేజ్ 380, మోటార్ కరెంట్ 7.8 దగ్గర. 1720 తిరుగుతుంది, హెడ్‌స్టాక్ మీద రాసిన స్పీడ్లన్నీ నిజమవుతాయి. ఒక జాగ్రత్త: ముందుకీ వెనక్కీ తిప్పే లివర్ కాంటాక్టర్లు డ్రైవ్‌కీ మోటార్‌కీ మధ్య ఉండకూడదు. నడుస్తుండగా అక్కడ తెంపితే డ్రైవ్ పోవచ్చు. లివర్ తీగలను డ్రైవ్‌లోని ఫార్వర్డ్, రివర్స్ టెర్మినల్స్‌కు ఇవ్వండి. చక్‌ను గబుక్కున ఆపాలంటే బ్రేకింగ్ రెసిస్టర్ కూడా కావాలి.

వైండింగ్ బాబాయ్:
మామూలు వైర్‌తో చుట్టిన పాత మోటార్‌కు డ్రైవ్ కొట్టే వోల్టేజ్ దెబ్బలు మంచివి కావు. కేబుల్ పొడుగైతే మరీ. మళ్లీ చుట్టించడం మేలు అంటాను.

ప్యానెల్ బోర్డు:
చుట్టిస్తే టర్నులు 31 శాతం పెరగాలి. స్లాట్ అదే కాబట్టి తీగ సన్నబడుతుంది, 5 హెచ్‌పీ కాస్తా నాలుగు చిల్లరకు దిగుతుంది. స్పీడు ఎలాగూ 1440 దాటదు, మోటార్ పుల్లీ కూడా మార్చాలి. డ్రైవ్ మిషన్ పక్కనే ఉంటుంది, కేబుల్ రెండు మూడు మీటర్లు. అంత భయం అక్కర్లేదు.

వైండింగ్ బాబాయ్:
కాలితే నా దగ్గరికే వస్తుందిలే.

ఆటోనగర్ షెడ్:
పక్క షెడ్డు వాళ్ల దగ్గర 7.5 హెచ్‌పీ డ్రైవ్ ఖాళీగా ఉంటే ఆదివారం అడిగి తెచ్చాను. ప్యానెల్ గారు చెప్పిన అంకెలే పెట్టి బెల్టులు లేకుండా తిప్పితే 3.1. బెల్టులు వేసి 1800 గేరులో చక్ తిప్పితే 4.6, టాకోమీటర్ 1790. గంటసేపు నడిపాను, మోటార్ మీద చెయ్యి ఆనించి ఉంచగలుగుతున్నాను.

అమ్మినాయనకు ప్లేటు ఫోటో పంపాను. "అది పాత ప్లేటు, పట్టించుకోకండి" అని జవాబు. డ్రైవ్ ఖర్చులో సగమైనా అడగాలని ఉంది. ఇంతకీ కూలెంట్ మోటార్‌ను చుట్టించాలా, మామూలు 415ది కొనేయాలా? దానిక్కూడా డ్రైవ్ అంటే మా ఆవిడ ఒప్పుకోదు.

దమ్మాం ఫిట్టర్:
దానికి కొత్తదే కొనుండ్రి అన్నా. మెయిన్ మోటార్ డ్రైవ్‌కు మాత్రం కలపకుండ్రి, దాని లైన్ డ్రైవ్ ముందట నుంచే తీయుండ్రి.