కొత్త వాడుకరులకు ముందు ఏది నేర్పాలి: వికీ గుర్తులా, విజువల్ ఎడిటరా?

పుస్తకాలగది:

మా డిగ్రీ కళాశాల గ్రంథాలయంలో తెలుగు వికీపీడియా రచనపై రెండు పూటల శిక్షణ ఏర్పాటు చేస్తున్నాము. 25 మంది విద్యార్థులు వస్తారు. వారిలో సగం మందికి కంప్యూటరు మీద తెలుగు టైపు చేసే అలవాటు లేదు, ఫోనులో మాత్రం బాగా రాస్తారు. వ్యాసాన్ని సవరించడానికి రెండు దారులున్నాయి: చదరపు బ్రాకెట్లు, నక్షత్రాలు, సమాన గుర్తులు పెట్టి మూలపాఠ్యంలో రాయడం ఒకటి, పాఠకుడికి పుట ఎలా కనిపిస్తుందో అలాగే కనిపించే విజువల్ ఎడిటరులో రాయడం రెండవది. నిరుడు విజువల్ ఎడిటరే నేర్పాము. ఆ రోజు అందరూ సంతోషంగా వెళ్ళారు గాని, వారం తరువాత తమ వ్యాసంలో ఎవరో చేసిన మార్పును పుట మార్పుల చరిత్రలో చూసి అర్థం చేసుకోలేక, చర్చాపేజీలో జవాబు రాయలేక చాలామంది ఆగిపోయారు. అందువల్ల ఈసారి గుర్తులతోనే మొదలుపెట్టాలని నా ఆలోచన. అలా చేస్తే తొలి గంటలోనే సగం గది ఖాళీ అవుతుందని మా సహోద్యోగి అంటున్నారు. అనుభవమున్నవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాతపలక:

మీ ఆలోచన సరైనదని నా నమ్మకం. వికీ గుర్తులు ప్రోగ్రామర్ల కోసం పుట్టినవి కావు. వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో మొదటి వికీని పెట్టినప్పుడు, హెచ్‌టీఎంఎల్ (వెబ్ పుటలు రాసే సంకేత భాష) రానివారు కూడా పుటను దిద్దగలగాలన్నదే ఆ గుర్తుల ఉద్దేశం. తొలినాళ్ళలో లింకు ఇవ్వాలంటే రెండు ఇంగ్లీషు పదాలను, ఒక్కొక్కటి పెద్దక్షరంతో మొదలయ్యేలా, కలిపి రాసేవారు. పెద్దక్షరం, చిన్నక్షరం అనే భేదమే లేని మన లిపికి ఆ పద్ధతి ఏమాత్రం పనికొచ్చేది కాదు. వికీపీడియా మొదలైన 2001లోనే జంట చదరపు బ్రాకెట్ల పద్ధతి వచ్చింది కాబట్టి, 2003 డిసెంబరులో తెవికీ (తెలుగు వికీపీడియా) మొదలయ్యేనాటికి మనకు ఆ ఇబ్బంది లేకపోయింది.

ఇక ఆ బ్రాకెట్లు తెలుగుకు ఎంత బాగా అమరాయో చూడండి. మన భాషలో విభక్తి ప్రత్యయం నామానికి అంటుకునే ఉంటుంది. [[విజయవాడ]]లో అని రాస్తే బ్రాకెట్ల బయట ఉన్న ‘లో’ కూడా లింకులో కలిసిపోయి, పాఠకుడికి ‘విజయవాడలో’ అనే మాట మొత్తం నీలంగా కనిపిస్తుంది, నొక్కితే విజయవాడ వ్యాసానికి వెళుతుంది. [[విజయవాడ]]కు, [[విజయవాడ]]నుండి, అన్నీ అంతే. ఇదే పని విజువల్ ఎడిటరులో చేసేటప్పుడు, లింకు పెట్టిన పదం పక్కన ‘లో’ను విడిగా టైపు చేస్తే, అది లింకులో కలవకూడదని సాఫ్ట్‌వేరు భావించి మధ్యలో ఒక నోవికీ ట్యాగును (లింకు అక్కడితో ఆగాలని చెప్పే గుర్తును) చొప్పిస్తుంది. రాసినవారికి అది కనబడదు. తరువాత మూలపాఠ్యం తెరిచినవారికి ప్రతి వాక్యంలోనూ అడ్డుపడుతుంది. ప్రత్యయం లేకుండా ఒక్క వాక్యమైనా నడవని భాష మనది. శిక్షణ శిబిరం జరిగిన మర్నాడు ఇటువంటి ట్యాగులను వందల కొద్దీ ఏరి తీసిన రోజులు నాకున్నాయి. విద్యార్థుల తప్పు అందులో ఏమీ లేదు, కింద ఏమి జరుగుతోందో వారికి ఎవరూ చూపలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది చరిత్ర పుట. ఇద్దరి కూర్పుల మధ్య తేడాను అక్కడ సాధారణంగా మూలపాఠ్యంలో చూపిస్తారు. ఆ పాఠ్యం చదవలేనివారు తమ వ్యాసాన్ని ఎవరు ఎందుకు దిద్దారో గ్రహించలేరు, కనుక అభ్యంతరం చెప్పలేరు, ఒప్పుకోనూ లేరు. మీ విద్యార్థులు ఆగిపోయింది సరిగ్గా అక్కడే. శీర్షికకు సమాన గుర్తులు, జాబితాకు నక్షత్రం, లింకుకు చదరపు బ్రాకెట్లు, మూసకు (అనేక పుటలలో వాడుకునే తయారు అచ్చుకు) మీసాల బ్రాకెట్లు, మూలానికి (సమాచారానికి చూపే ఆధారానికి) రెఫ్ ట్యాగు: ఈ ఐదింటికి ఒక పూట చాలు. ఇంగ్లీషు వికీపీడియాలో 2013 జులైలో విజువల్ ఎడిటరును అందరికీ ముందుగా తెరుచుకునేలా పెట్టి, సముదాయం ఒప్పుకోకపోవడంతో సెప్టెంబరులో వెనక్కి తీసుకోవలసి వచ్చిన సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

నల్లమలదారి:

పాతపలక గారూ, నోవికీ ట్యాగుల గురించి మీరు చెప్పినది అక్షరాలా నిజం, నేనూ ఏరాను. కానీ ఒక కొత్త విద్యార్థి చేతివేళ్ళ దగ్గర నుండి ఈ విషయాన్ని చూడమని కోరుతున్నాను.

ప్రభుత్వం ప్రామాణికంగా నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో తెలుగు టైపు చేస్తున్నప్పుడు, చదరపు బ్రాకెట్టు తెరిచే మీట మీద ‘డ’ ఉంటుంది. షిఫ్టుతో నొక్కితే మీసాల బ్రాకెట్టుకు బదులు ‘ఢ’ వస్తుంది. ఒంటి కొటేషను మీట ‘ట’ అవుతుంది, సమాన గుర్తు ఋత్వం అవుతుంది, సంతకానికి వాడే టిల్డె (~) స్థానంలో ‘ఒ’ వస్తుంది. అంటే మీరు చెప్పిన ఐదు గుర్తులలో ఏది పెట్టాలన్నా దాదాపుగా తెలుగు నుండి ఇంగ్లీషుకు మారి, గుర్తు పెట్టి, మళ్ళీ తెలుగుకు రావాలి. ఒక్క లింకుకే ఇది రెండుసార్లు జరగాలి. ఇంగ్లీషులో రాసేవారికి ఈ గుర్తులు వేలి కింద ఉంటాయి, మనకు కీబోర్డు అవతల ఉంటాయి. అక్కడ సులభమైన గుర్తు ఇక్కడా సులభమే అనుకోవడం న్యాయం కాదు. ఫోనులో రాసేవారికి ఇంకా కష్టం, బ్రాకెట్లు గుర్తుల రెండవ పుటలో ఎక్కడో ఉంటాయి. పుస్తకాలగది గారి విద్యార్థులలో సగం మంది ఫోనుకు అలవాటుపడినవారే కదా.

పట్టికల సంగతి వేరే చెప్పనవసరం లేదు. మండలంలోని గ్రామాల పట్టికలో 30 అడ్డు వరుసలుంటే, మధ్యలో ఒక నిలువు వరుస చేర్చడానికి మూలపాఠ్యంలో 30 చోట్లకు వెళ్ళి ఒక్కొక్క గడి చేర్చాలి. గడుల మధ్య పెట్టే ఒక్క నిలువు గీత తప్పినా ఆ వరుసలోని అంకెలన్నీ పక్క గడికి జరుగుతాయి. విజువల్ ఎడిటరులో అది రెండు నొక్కుల పని. మూలం ఇవ్వడం కూడా అంతే: వెబ్ చిరునామా అతికిస్తే శీర్షిక, తేదీ అదే తెచ్చిపెడుతుంది. కొన్ని తెలుగు పత్రికల పుటలకు శీర్షిక తప్ప మరేమీ రాదన్నది నిజమే, అయినా ఖాళీ రెఫ్ ట్యాగు ముందు కూర్చోవడం కంటే అది మేలు.

ఇక 2013 నాటి ఉదాహరణ ఇప్పుడు చెల్లదని నా మనవి. అప్పుడు ఆ పరికరం నెమ్మదిగా ఉండేది, తప్పులు చేసేది, పైగా అడగకుండానే అందరి మీద పెట్టారు. ఆనాటి తిరస్కారం ఆనాటి సాఫ్ట్‌వేరుకు జరిగింది.

పద్యంగది:

వికీసోర్సులో పాత పుస్తకాల అచ్చుదిద్దే పని చేస్తాను కనుక ఒక మాట కలుపుతున్నాను. స్కాను చేసిన పుటను పక్కన పెట్టుకుని దిద్దే ఆ పనిలో గుర్తులు లేకుండా రోజు గడవదు. పద్యానికి నాలుగు పాదాలు నాలుగు పంక్తులుగా నిలవాలంటే పోయెమ్ ట్యాగు పెట్టాలి, లేకపోతే పాదాలన్నీ కలిసి వచనంలా పారుతాయి. మూలపాఠ్యంలో ఒక్కసారి ఎంటర్ నొక్కితే కొత్త పంక్తి రాదన్న సంగతి తెలియక సీసపద్యాలను గద్యం చేసినవారిని చూశాను.

కొత్తవారిని తికమకపెట్టేవి మరి రెండు ఉన్నాయి. పేరా మొదట కొంత ఖాళీ వదలడం మనకు బడిలో అలవాటైన పద్ధతి. వికీలో పంక్తి మొదట ఖాళీ పెడితే ఆ పంక్తి ఒక పెట్టెలోకి వెళ్ళి, వేరే అక్షరరూపంలో కనిపిస్తుంది. జంట కొటేషనుకు బదులుగా ఒంటి కొటేషనును రెండుసార్లు కొడితే కొటేషను మాయమై మాట వాలుతుంది. వాలు తెలుగు అక్షరాలు చదవడానికి ఇబ్బందిగా ఉంటాయి. పుస్తకాల పేర్లను ఇంగ్లీషు వికీ పద్ధతిలో వాల్చడం కంటే కొటేషన్లలో ఉంచడమే మన అచ్చు సంప్రదాయమని నా అభిప్రాయం. ఈ రెండూ మొదటి పూటలోనే చెప్పండి.

పాతపలక:

నల్లమలదారి గారూ, కీబోర్డు విషయంలో నేను ఆలోచించనిది మీరు చెప్పారు. నేను మొదటి నుండీ లిప్యంతరీకరణతో (ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రాసే పద్ధతిలో) రాస్తున్నాను కాబట్టి ‘డ’ మీట కింద బ్రాకెట్టు చిక్కుకున్నవారి కష్టం నాకు అనుభవంలో లేదు. ఐదు గుర్తులకు ఒక పూట చాలన్న మాటను సవరించుకుంటున్నాను: వాటిని చదవడానికి ఒక పూట చాలు, టైపు చేయడానికి చాలదు.

అయితే ఈ తేడా నుండే నాకు మరొక దారి కనిపిస్తోంది. మూలపాఠ్యపు పెట్టె పైనున్న పట్టీలో లింకుకు, బొద్దు అక్షరాలకు, మూలానికి బొత్తాలు ఉన్నాయి. పదాన్ని ఎంచుకుని బొత్తాన్ని నొక్కితే గుర్తులు వాటంతట అవే చుట్టూ వస్తాయి, కీబోర్డు మార్చనవసరం లేదు. వికీలోనే ఉన్న తెలుగు టైపింగు సదుపాయాన్ని వాడేవారు కంట్రోల్, ఎం కలిపి నొక్కి భాష మార్చుకోవచ్చు. ఈ రెండూ చూపించి, గుర్తులను కంఠస్థం చేయించకుండా కేవలం గుర్తుపట్టగలిగేలా చేస్తే సరిపోతుంది.

పట్టికల విషయంలో మీతో వాదించను. నేనే వాటికి విజువల్ ఎడిటరు తెరుస్తాను. మూలాల విషయంలో మాత్రం ఒక హెచ్చరిక: ఒకే మూలాన్ని రెండవసారి వాడినప్పుడు ఆ పరికరం దానికి సున్నా, ఒకటి అంటూ అంకెల పేర్లు పెడుతుంది. రెండు వ్యాసాలను విలీనం చేసినప్పుడు రెండింటిలోనూ అదే అంకె పేరుతో వేర్వేరు మూలాలుంటే గొడవ వస్తుంది. ఆ చిక్కు విప్పేది మళ్ళీ మూలపాఠ్యం చదవగలిగినవారే.

నల్లమలదారి:

అలాగైతే మన మధ్య మిగిలిన భేదం చిన్నదే, కానీ అది నాకు ముఖ్యమైనది. మొదటి గంటలో విద్యార్థి తన ఊరి వ్యాసంలో ఒక వాక్యం చేర్చి, ప్రచురించి, అది లోకానికి కనబడటం చూడాలి. తన ఊరి చెరువు పేరు అక్కడ చదువుకున్నవాడే రెండవ పూట వస్తాడు. ఆ తొలి వాక్యం విజువల్ ఎడిటరులోనే రాయనివ్వండి. వెంటనే చరిత్ర పుట తెరిపించి, అతను రాసిన ఆ వాక్యాన్నే మూలపాఠ్యంలో చూపించండి. అప్పుడు బ్రాకెట్టు అతనికి పాఠం కాదు, తన వాక్యంలోని భాగం. నోవికీ ట్యాగు పడి ఉంటే ఇంకా మంచిది, అతని చేతనే తీయించవచ్చు.

చర్చాపేజీలలో విజువల్ ఎడిటరు తెరుచుకోదు. పుస్తకాలగది గారి విద్యార్థులు ఆగిపోయిన రెండవ చోటు అది. ఇప్పుడు ప్రతి వ్యాఖ్య కింద జవాబిచ్చే లింకు ఉంది. జవాబును పక్కకు జరపడానికి కోలన్లు లెక్కపెట్టడం, సంతకానికి నాలుగు టిల్డెలు కొట్టడం అవసరం లేకుండా అదే జరిపి సంతకం పెడుతుంది. దానిని కూడా చూపించండి.

పుస్తకాలగది:

అందరికీ ధన్యవాదాలు. తొలి పూట తొలి గంట విజువల్ ఎడిటరుకు, ఆ తరువాతి సమయమంతా చరిత్ర పుటకు, మూలపాఠ్యం చదవడానికి ఇస్తాను. పట్టికలను రెండవ పూటకు ఉంచుతాను. పద్యంగది గారు చెప్పిన రెండు సంగతులను గోడ మీద అతికిస్తాను. మరొక్క సందేహం మిగిలింది. ‘విజయవాడలో’ బాగుంది, కానీ ‘పుస్తకం’ అన్న వ్యాసానికి లింకు ఇస్తూ ‘పుస్తకాన్ని’ అని రాయాలంటే బ్రాకెట్టు ఎక్కడ మూయాలి?

పాతపలక:

వ్యాసం పేరు మారకుండా అలాగే ఉండి దాని వెనుక ప్రత్యయం చేరితే బ్రాకెట్టును పేరు దగ్గరే మూయాలి: [[పుస్తకం]]లో. ప్రత్యయం చేరినప్పుడు పేరు చివర మారిపోతే నిలువు గీత వాడాలి, గీతకు ముందు వ్యాసం పేరు, తరువాత వాక్యంలో కనబడవలసిన రూపం: [[పుస్తకం|పుస్తకాన్ని]], [[కర్నూలు|కర్నూల్లో]]. పొల్లుతో ముగిసే పేర్ల దగ్గర నేను ఎప్పుడూ గీతనే వాడతాను: [[హైదరాబాద్|హైదరాబాద్‌లో]]. బయట రాస్తే దకారం కింద లకారం వత్తుగా చేరి మాట రూపమే మారిపోతుంది. ప్రత్యయానికి బదులు వేరే పదమే ఖాళీ లేకుండా అంటుకుంటే అదీ నీలమవుతుంది కాబట్టి, అక్కడ ఒక ఖాళీ వదలండి. పిల్లల చేత ఈ నాలుగు రకాలను వారి వారి ప్రయోగశాల (సాధన చేసుకునే) పుటలో ఒక్కొక్కసారి రాయించి, మునుజూపులో (ప్రచురించే ముందు చూసుకునే రూపంలో) ఏ అక్షరం వరకు నీలం వస్తుందో చూపించండి.