ఇన్‌ఫ్లమేషన్: మంటా, వాపా, శోథా?

ఒంట్లో దెబ్బో రోగక్రిమో తగిలిన చోట ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బి నొప్పి పుట్టడమే ఇన్‌ఫ్లమేషన్. నిన్న ఒకరు దానికి తెలుగు మాట అడిగితే ఎక్కువమంది ‘మంట’ అన్నారు. లాటిన్ మూలంలో నిప్పు ఉంది కాబట్టి ఆ దారిలో ఆలోచించి ఉంటారు. కానీ మన మంట వేరు. మిరపకాయలు తరిగిన చేతికి మంట, పరగడుపున కడుపులో మంట. మా పాపకు గవదబిళ్ళలు వచ్చినప్పుడు చెవి కింద నుంచి దవడ దాకా ఉబ్బి, చర్మం బిగిసి నున్నగా అయిపోయింది. ముట్టుకుంటే వేడి. చారన్నం ముద్ద పెట్టగానే చెంప పట్టుకుని ఏడ్చేసింది. “మంటా అమ్మా?” అంటే “కాదు నాన్నా, నొప్పి” అంది. పిల్ల చెప్పింది నిజం, అది మంట కాదు. ఇన్‌ఫ్లమేషన్‌కు నేనైతే వాపు అనే అంటాను.

గవదబిళ్ళలు వైరస్ వల్ల వస్తాయి. వైరస్ దూరిన కణాలు దాన్ని పసిగట్టి ఇంటర్‌ఫెరాన్ వదులుతాయి. 1957లో ఐజాక్స్, లిండెన్‌మాన్ అనే శాస్త్రవేత్తలు లండన్‌లో కనుక్కున్న పదార్థం అది. దాంతో పక్క కణాలు ముందే జాగ్రత్తపడతాయి. ఇంకొన్ని రసాయనాలు రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. రక్తం ఎక్కువ చేరి ఎరుపు, వేడి. నాళాల గోడలు వదులై నీరు ఊరి వాపు, నొప్పి. తెల్లకణాలు కూడా ఆ గోడల్లోంచే బయటికొచ్చి వైరస్ పట్టిన కణాల మీద పడతాయి. ఎరుపు, వేడి, వాపు, నొప్పి అనే ఈ నాలుగు ఇన్‌ఫ్లమేషన్ లక్షణాలనూ ఒకటో శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ రాసిపెట్టాడు.

వాపు అనే మాటకు ఒకరి అభ్యంతరం, దానికి నా జవాబు:

– మాస్టారూ, శోథ ఉంది కదండీ? హెపటైటిస్‌ను కాలేయ శోథ అని రాస్తూనే ఉన్నాం. పైగా ‘వాపు చూసి బలుపనుకోవద్దు’ అంటారు, వాపుకు మంచి పేరే లేదు.

– శోథ అన్నా సంస్కృతంలో వాపేనండి. జబ్బుల పేర్లకు బాగుంటుంది, ఉండనివ్వండి. సామెత మాత్రం ఇక్కడ సగమే వర్తిస్తుంది. మొదటి రోజుల్లో ఆ వాపే ఒంటి బలం. హద్దు దాటితేనే చేటు. 2020లో కోవిడ్ రోగులపై బ్రిటన్‌లో డెక్సామెథసోన్‌ను పరీక్షించారు. అది వాపును అణిచే మందు. ఆక్సిజన్, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మరణాలు తగ్గాయి, ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు మేలు కనబడలేదు. ‘ఊపిరితిత్తుల్లో వాపు’ అని రాస్తే ఇది ఎవరికైనా ఎక్కుతుంది. ‘మంట’ అని రాస్తే ఛాతీలో మంట అనుకుని గ్యాస్ మాత్ర వేసుకుంటారు.