రోజూ మందు వేయాల్సిన కుక్కను వారం పైన ఎక్కడ వదలాలి? (అమలాపురం)

మా లాబ్రడార్‌కి ఐదేళ్లు, మగది. ఫిట్స్ వస్తాయి కాబట్టి ఫినోబార్బిటాల్ మాత్ర ఉదయం 7కి, రాత్రి 7కి పడాలి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ తిరగబెడతాయని డాక్టరు గట్టిగా చెప్పారు. కార్తీకంలో అమ్మానాన్నలను కాశీ తీసుకెళ్తున్నాం, తొమ్మిది రోజులు.

పక్కింటివాళ్లకు అప్పగించి చూశాం. అన్నం తింటుంది గానీ, మాత్రను బుగ్గన దాచి, వాళ్లు అటు తిరగ్గానే గుమ్మం పక్కన ఉమ్మేస్తోంది. రాజమండ్రిలో కుక్కలను డబ్బుకు ఉంచుకునే ఒక బోర్డింగ్‌కి వెళ్తే టీకాల కార్డు అడగనే లేదు, లోపల చూపించమంటే ఒప్పుకోలేదు. అడగకుండా దీన్ని చేర్చుకునేవాళ్లు ఏ కుక్కనైనా చేర్చుకుంటారు కదా! కాకినాడలో ఇంకోచోట లోపలికి రానిచ్చారు. గచ్చు తడిగా ఉంది, నీళ్ల గిన్నె అడుగున పాకుడు, ఒక కుక్క చెవి మడతలో గోమార్లు. రాత్రి మనిషి ఉండడట. ఫిట్స్ వస్తే చూసేదెవరు? మన వైపు వానలకు నీళ్లు నిలుస్తాయి, ఎలుకల మూత్రంతో లెప్టో (లెప్టోస్పైరోసిస్ జబ్బు) వస్తుందన్న భయం ఒకటి. రేబీస్, లెప్టోతో సహా మావాడికి టీకాలన్నీ అయ్యాయి, కుక్కలకు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటే దగ్గు, కెన్నెల్ కాఫ్‌ది కూడా వేయిస్తున్నాం. ఖర్చు గురించి ఆలోచించడం లేదు.

రాజమండ్రి, కాకినాడ, భీమవరం చుట్టుపక్కల, రాత్రి మనిషి ఉండి, వేళకు మాత్ర మింగించే బోర్డింగ్‌లో మీరు స్వయంగా మీ కుక్కను వదిలి ఉంటే, అది ఎక్కడో చెప్తారా?