పండిన బొప్పాయి రెండు ముక్కలు తిన్నాను. ఇంట్లో రెండు రోజులుగా గొడవ. నిజంగా ప్రమాదమా?

బోడుప్పల్ కోడలు
నేను గర్భిణిని, ఇప్పుడు పద్నాలుగో వారం. మొన్న ఆఫీసులో ఒకావిడ డబ్బాలో కోసి తెచ్చిన బొప్పాయి రెండు ముక్కలు తిన్నాను. బాగా మగ్గిన పండు, స్పూనుతో గీకితే వచ్చేంత మెత్తగా ఉంది. ఇంటికొచ్చి మాటల్లో చెప్పేశాను. మా అత్తమ్మ చేతిలో గిన్నె కింద పెట్టి దేవుడి గదిలోకి వెళ్లి కూర్చున్నారు. అప్పటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడట్లేదు.

మా ఇంట్లో నాకు వద్దన్నవి: బొప్పాయి, అనాస, నువ్వులు, గోంగూర, వంకాయ, కోడిగుడ్డు. గుడ్డు వేడి చేస్తుందట. నాకు రక్తం తక్కువ, హిమోగ్లోబిన్ 9.4 ఉంది. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసి, బలమైన తిండి తినమన్నారు. ఇన్ని మానేస్తే ఏం తినాలో అర్థం కావట్లేదు. ఆ రెండు ముక్కల వల్ల ఏమైనా అవుతుందా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

కుషాయిగూడ పెద్దమ్మ
భయపడకు బిడ్డా, రెండు ముక్కలకు ఏం కాదు. ఇకమీదట మాత్రం ముట్టకు. మా ఇంట్లో కూతురివీ కోడళ్లవీ కలిపి ఐదు కాన్పులు నేనే చూసుకున్నాను. ఎవ్వరికీ బొప్పాయి పెట్టలేదు, అందరికీ పండంటి పిల్లలు పుట్టారు. జామ తిను, సపోటా తిను, దానిమ్మ తిను. తొమ్మిది నెలలు ఒక్క పండు మానేస్తే ఏం పోతుంది? రక్తానికైతే వారానికి రెండుసార్లు మేక కార్జం వండించుకో. మీ అత్తమ్మ మంచికే చెప్పింది.

తార్నాక అక్క
చెల్లీ, ముందు నిద్రపో. పచ్చి బొప్పాయి వేరు, పండిన బొప్పాయి వేరు. పచ్చికాయకు గాటు పెడితే కారే తెల్లటి పాలతోనే తంటా అంతా. 2002లో సింగపూర్ పరిశోధకులు ఈ నమ్మకాన్నే తీసుకుని ఎలుకల మీద పరీక్షించారు. పండిన బొప్పాయి తిన్నవాటికి ఏమీ కాలేదు. పచ్చికాయ పాలు తగిలించినప్పుడు మాత్రం ఎలుకల గర్భసంచి కండరం బిగుసుకుంది. అందుకే పచ్చికాయ కూర, పచ్చడి, దోరకాయ వద్దు. నువ్వు తిన్నది మగ్గిన పండు.

పెద్దమ్మా, కార్జం మాత్రం చెప్పకండి. అందులో విటమిన్ ఎ మోతాదు చాలా ఎక్కువ. బిడ్డ అవయవాలు తయారయ్యే నెలల్లో అది అతిగా చేరడం మంచిది కాదు. బ్రిటన్‌లో గర్భిణులను కార్జం అసలు తినొద్దంటారు. వద్దన్న ఆరింటిలో అది లేదు, పెట్టాల్సిన గుడ్డేమో అందులో ఉంది!

మల్కాజిగిరి 47
మా డాక్టర్ కూడా బొప్పాయి వద్దనే అన్నారు.

నాచారం నాన్న
అనాస సంగతేంటి? మా ఆవిడకు అదే తినాలని ఉంది.

కుషాయిగూడ పెద్దమ్మ
చూశారా, డాక్టర్లే వద్దంటున్నారు. ఎలుకలకూ ఆడపిల్లకూ పోలికా తల్లీ? ఇంకో మాట. మగ్గిందని నువ్వు అంటున్నావు. కార్బైడ్ పెట్టి మగ్గబెట్టిన కాయ పైకి పసుపుపచ్చగా నిగనిగలాడుతుంది, కోస్తే తొడిమ దగ్గర ఇంకా పాలు కారుతుంది. బండి మీద కొన్న కాయ చెట్టు మీద పండిందో పొగలో పండిందో నీకెలా తెలుస్తుంది? మా కాలంలో పెరటి చెట్టుకు కాసిందే అయినా పెట్టలేదు.

తార్నాక అక్క
కార్బైడ్‌తో మగ్గబెట్టడాన్ని చట్టమే నిషేధించింది. అయినా వాడేవాళ్లు వాడుతున్నారు, ఒప్పుకుంటాను. కానీ ఆ భయం మామిడికీ ఉంది, అరటికీ ఉంది. మరి వాటిని ఎవరూ వద్దనరేం? డాక్టర్లు కూడా పచ్చిదేదో పండినదేదో పేషెంటుకు విడమరిచి చెప్పే తీరిక లేక మొత్తానికే వద్దనేస్తారు.

నాచారం గారూ, కప్పు నిండా అనాస ముక్కలు తింటే ఏమీ కాదు. అందులోని బ్రోమెలైన్ అనే ఎంజైమ్ గురించి భయపెడతారు, అది ఎక్కువగా ఉండేది మధ్యలోని గట్టి కాడలో. దాన్ని కోసి పారేస్తాం కదా.

నైట్ డ్యూటీ సిస్టర్
పద్దెనిమిదేళ్లుగా కాన్పుల వార్డులో ఉన్నాను. మీ ఇద్దరూ బొప్పాయి దగ్గరే ఆగిపోయారు. పండిన బొప్పాయి తిని ప్రాణం మీదికి తెచ్చుకున్న మనిషి నా చేతికి రాలేదు. వచ్చినవి చెబుతాను.

వానాకాలంలో కళ్లు పచ్చబడి ఎనిమిదో నెలలో వస్తారు. కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే కామెర్లు, హెపటైటిస్ ఇ. మామూలు మనిషికి తగ్గిపోయే జబ్బే. చివరి మూడు నెలల్లో గర్భిణికి సోకితే మాత్రం 20 నుంచి 25 శాతం మంది వరకు చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ అమ్మాయిల్లో ఒకరిని ఏం తిన్నావని అడిగితే, ‘మా ఇంట్లో అన్నీ జాగ్రత్తే సిస్టర్, బొప్పాయి కూడా ముట్టలేదు’ అంది. సాయంత్రం పూట పానీపూరీ మాత్రం తింటుందట. ఆ నీళ్లు ఎక్కడివో ఎవరికి తెలుసు?

ఇంకోటి, నడుంనొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఐదో నెల దాటాక బిడ్డ కిడ్నీల మీద పడతాయి, ఉమ్మనీరు తగ్గుతుంది. డాక్టర్ చెప్పకుండా ఏ మాత్రా వేసుకోవద్దు. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ అయితే నెల తప్పకముందే ఆపాలి.

బోడుప్పల్ చెల్లీ, ఐరన్ మాత్ర దేనితో వేసుకుంటున్నావు? తాగే నీళ్లు ఎక్కడివి? కాస్తున్నారా?

సైనిక్‌పురి
నాకు బలపాలు తినాలనిపిస్తోంది. రోజుకు రెండు మూడు. ఇంట్లో ఎవరికీ తెలియదు.

నైట్ డ్యూటీ సిస్టర్
సైనిక్‌పురి, సిగ్గుపడకు, చాలామందికి ఉంటుంది. సుద్ద, మట్టి, పచ్చి బియ్యం మీదికి మనసు పోతుందంటే చాలాసార్లు ఒంట్లో ఐరన్ తక్కువైందని అర్థం. బలపాల్లో, మట్టిలో సీసం ఉండొచ్చు, అది బిడ్డకు చేరుతుంది. రేపే రక్తం పరీక్ష చేయించుకో, డాక్టరుకు దాచకుండా చెప్పు.

నాచారం నాన్న
చాయ్ తాగొచ్చా? మా ఆవిడ రోజుకు నాలుగు ఇరానీ చాయ్‌లు తాగుతుంది.

తార్నాక అక్క
మా తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మి.లీ. టీలో 30 నుంచి 65 మి.గ్రా. కెఫీన్ ఉంటుంది, రోజు మొత్తానికి 300 మి.గ్రా. దాటకూడదు. నాలుగు చిక్కటి చాయ్‌లంటే దాదాపు అంచుకు వచ్చినట్టే. రెండుకు తగ్గించండి. అన్నానికి గంట ముందూ గంట తర్వాతా వద్దు, తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. మన దేశంలో 2019–21 సర్వేలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అందుకే పెద్దమ్మతో ఇంతగా వాదిస్తున్నాను. ఒక్క పండేగా అంటారు. ఒక్క పండుతో మొదలై గుడ్డు దాకా వస్తుంది. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద 2015 నుంచి గర్భిణులకు రోజూ గుడ్డూ, 200 మి.లీ. పాలూ ఎందుకు ఇస్తున్నారు మరి?

కుషాయిగూడ పెద్దమ్మ
గుడ్డు వద్దని నేనన్నానా? నా రాతలో చూపించు. నేను బొప్పాయి గురించే చెప్పాను. నీకు పిల్లలున్నారో లేదో నాకు తెలియదు. నాలుగు కాగితాలు చదివి చెప్పడం సులువు. కడుపు మీద చెయ్యి వేసుకుని రాత్రంతా మేలుకున్నవాళ్లకు తెలుస్తుంది.

మల్కాజిగిరి 47
మా మామగారు హాల్లోనే సిగరెట్ తాగుతారు. నాకు ఏడో నెల. అది వద్దని ఇంట్లో ఒక్కరూ అనరు.

తార్నాక అక్క
అడిగారు కాబట్టి చెబుతాను పెద్దమ్మా. లేరు. ఆరేళ్ల కింద తొమ్మిదో వారంలో పోయింది. దానికి పది రోజుల ముందు ఒక పెళ్లి భోజనంలో అనాస ముక్క నోట్లో వేసుకున్నాను. మా అత్తగారింట్లో అందరూ చూశారు. అంతే, కారణం దొరికిపోయింది. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం క్రోమోజోముల తేడా వల్లేనని డాక్టర్ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. ఆ కాగితం ఇంటికి తెచ్చి చూపించాను. ఒక్కరూ చూడలేదు. ఇప్పటికీ ఏ పండక్కి వెళ్లినా పళ్లెంలో అనాస కనబడితే అందరి కళ్లూ నా మీదే ఉంటాయి. బొప్పాయి మానేస్తే ఏం పోతుందని అడిగారు. ఇదిగో, ఇది పోతుంది. రేపు ఈ చెల్లికి దేవుడి దయవల్ల ఏమీ కాకూడదు. ఒకవేళ అయితే ఆ రెండు ముక్కలు ఆమెను బతికున్నన్నాళ్లూ వదలవు.

సైనిక్‌పురి
అక్కా, ఏం చెప్పాలో తెలియట్లేదు.

కుషాయిగూడ పెద్దమ్మ
రాత్రి చదివాను. పొద్దున రాస్తున్నాను.

ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది తల్లీ. నాకూ పోయింది. 1984లో, ఏడో నెలలో, మగపిల్లాడు. ఎందుకు పోయాడో ఎవరూ చెప్పలేదు, అప్పట్లో అడిగేవాళ్లం కాదు. మా అత్త నన్ను ఒక్క మాట అనలేదు. నేనే వెతుక్కున్నాను. ఏం తిన్నాను, ఏం తాగాను, ఏ బరువు ఎత్తాను అని ఏడాది పాటు లెక్కపెట్టుకున్నాను. తర్వాత కడుపు పండినప్పుడు ఎవరు ఏది వద్దంటే అది మానేశాను. ముగ్గురు దక్కారు. ఆ మానేసినవాటి వల్లే దక్కారని పట్టుకున్నాను, ఇన్నేళ్లూ వదల్లేదు. వాటికీ దీనికీ సంబంధం లేదని నువ్వంటే, మరి వాడు ఎందుకు పోయినట్టు? నా దగ్గర ఉన్న ఒకే ఒక్క కారణం అది.

నీ మీద నిందవేసినవాళ్లు తప్పు చేశారు. అది ఒప్పుకుంటాను. బొప్పాయి మాత్రం నా చేత్తో నేను పెట్టలేను.

తార్నాక అక్క
పెట్టొద్దు పెద్దమ్మా. మీరు పెట్టకపోయినా ఫర్వాలేదు. ఎవరైనా తింటే మాత్రం ఆమెను ఏమీ అనకండి.

నైట్ డ్యూటీ సిస్టర్
మల్కాజిగిరి చెల్లీ, నీ మాట ఎవరూ పట్టించుకోలేదు. పక్కవాళ్ల పొగ పీల్చినా బిడ్డ బరువు తగ్గుతుంది. ఈసారి చెకప్‌కు మీ ఆయన్ని వెంట తీసుకెళ్లు. డాక్టర్ చేతే చెప్పించు, అప్పుడు ఆయనే వాళ్ల నాన్నతో మాట్లాడతాడు.

బోడుప్పల్ కోడలు
అందరిదీ చదివాను. పెద్దమ్మ రాసింది మా అత్తమ్మకు చదివి వినిపించాను. ఆవిడ ఏమీ అనలేదు, కూరగాయలు తరుగుతూ విన్నారు. ‘ఏడో నెలా’ అని మాత్రం అడిగారు. సాయంత్రం నా కంచంలో ఉడకబెట్టిన గుడ్డు ఉంది, పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించారు. ఇంకా పెద్దగా మాట్లాడట్లేదు.

ఐరన్ మాత్ర ఇప్పటిదాకా పొద్దున చాయ్‌తోనే వేసుకున్నాను సిస్టర్. ఇవాళ్టి నుంచి మధ్యాహ్నం నిమ్మరసంతో వేసుకుంటాను.

నైట్ డ్యూటీ సిస్టర్
మంచిది. నీళ్ల సంగతి మళ్లీ చెప్పలేదు.

బోడుప్పల్ కోడలు
వీధి చివర ప్లాంటు నుంచి వచ్చే ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు. కాయట్లేదు. ఇప్పుడే స్టవ్ మీద గిన్నె పెట్టాను.