అప్‌డేట్: ఫాక్స్‌ప్రో డేటా దారికొచ్చింది

రెండు వారాల కింద అడిగాను గుర్తుందా? వరంగల్ వైపు ఒక రైతుల సొసైటీ పాత ఫాక్స్‌ప్రో (పాతకాలపు డేటాబేస్ సాఫ్ట్‌వేర్) ఫైళ్ల నుంచి సభ్యుల జాబితా తీయాలి, కాలమ్‌ల పేర్లేమో ఎఫ్1, ఎస్‌టీ, జీ2 అని ఉన్నాయి, వాటి అర్థం చెప్పే కాగితం ఒక్కటీ లేదు అని.

"రిపోర్ట్ ఫైళ్లు తెరిచి చూడండి" అని అప్పుడు వచ్చిన సలహాయే గట్టెక్కించింది. ఫాక్స్‌ప్రో రిపోర్ట్ నమూనా ఉండే ఎఫ్‌ఆర్‌ఎక్స్ ఫైలు కూడా లోపల మామూలు టేబులే. రసీదు మీద అచ్చయ్యే మాటలు, ఏ కాలమ్ ఎక్కడ అచ్చవ్వాలో అన్నీ అందులోనే ఉన్నాయి. జీ2 అంటే హామీదారు సభ్యత్వ సంఖ్య! మూడు రోజులు దాన్ని గ్రామం కోడ్ అనుకున్నాను.

నేను తీసిన జాబితాలో సభ్యులు ఉండాల్సిన దానికంటే ఎక్కువ వచ్చారు, దానికి కారణమూ తేలింది. డీబీఎఫ్‌లో, అంటే ఫాక్స్‌ప్రో డేటా ఫైలులో, రికార్డు తీసేస్తే వెంటనే పోదు. ఆ రికార్డు మొదటి బైటులో నక్షత్రం గుర్తు పడుతుంది, ప్యాక్ చేసేదాకా (అంటే తీసేసినవాటిని ఫైలు నుంచి పూర్తిగా చెరిపేదాకా) రికార్డు అక్కడే ఉంటుంది. నా స్క్రిప్టు ఆ గుర్తు చూడకుండా చదివేసింది.

జిల్లాల సంగతి వేరు. 2016 అక్టోబర్‌లో తెలంగాణ 10 జిల్లాలు 31 అయ్యాయి కాబట్టి పాత "వరంగల్" ఇప్పుడు మహబూబాబాద్ కావచ్చు, జనగామ కావచ్చు. మండలం చూసి కొత్త కాలమ్‌లో రాశాను, పాతది ముట్టుకోలేదు.

చిరునామాలను ఏఐ మోడల్‌తో జేసన్‌గా (ఊరు, పిన్‌కోడ్ లాంటివి విడివిడిగా పేర్లతో ఉండే డేటా రూపం) మార్చాను. ఖాళీగా ఉన్న పిన్‌కోడ్‌లను అది సొంతంగా నింపేసింది. అందుకే మూలంలో లేని అంకె వస్తే ఆ వరుసను పక్కన పెట్టిస్తున్నాను. వాటిని గుమస్తా గారు పాత రిజిస్టర్‌తో ఒక్కొక్కటే సరిచూస్తున్నారు.