రికార్డింగ్‌లో ఫ్యాన్ హోరు తీసేస్తే గొంతు కూడా మారిపోతోంది, ఏం చేయాలి?

పలాసలో జీడిపప్పు పనికి వెళ్లే ఆడవాళ్లు కొందరు సొంతంగా కథలు రాసి, తమ యాసలోనే చదువుతున్నారు. వాటిని ఆడియోగా అందరికీ వినిపించాలని మా ప్రయత్నం. వాళ్లకు తీరిక దొరికేది మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్యే. ఆ ఉక్కలో, రేకుల గదిలో సీలింగ్ ఫ్యాన్ ఆపమని అడగలేం.

ఆ హోరే సమస్య. రికార్డు చేసే ఫోన్ నోటికి జానెడు దూరంలో స్టాండు మీద ఉంటుంది. వావ్ (కుదించని ఆడియో) ఫైలు, 44.1 కిలోహెర్ట్జ్, మోనో. వాట్సాప్‌లో పంపకుండా కేబుల్‌తోనే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. ఆడియో సరిదిద్దే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో, రికార్డింగ్ మొదట్లో మాటలు లేనప్పటి ఫ్యాన్ చప్పుడును శాంపిల్‌గా తీసుకుని నాయిస్ రిడక్షన్ (హోరు తగ్గించే సెట్టింగు) 12 డీబీ (డెసిబెల్స్), సెన్సిటివిటీ 6, స్మూతింగ్ 3 పెట్టాను. హోరు పోయింది గానీ గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. ‘స’, ‘శ’ అరిగిపోయాయి, మాట చివర తీసే రాగం సగం వినిపించడం లేదు. ఆ రాగం పోతే ఆ కథ వాళ్లది అనిపించదు. 6 డీబీకి తగ్గిస్తే హోరు మళ్లీ వస్తోంది. 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టర్ (అంతకంటే కింది శబ్దాలను తగ్గించేది) వేస్తే గుయ్‌మనే శబ్దం తగ్గింది, గాలి చప్పుడు మాత్రం అలాగే ఉంది. పైగా వోల్టేజీ మారినప్పుడల్లా ఫ్యాన్ వేగం మారుతుంది కాబట్టి ఒక శాంపిల్ చివరిదాకా సరిపోవడం లేదు.

ఫ్యాన్ తిరుగుతుండగానే యాస చెడకుండా గొంతు శుభ్రంగా వినపడాలంటే కాలర్ మైకు కొనడం మేలా, లేక ఆడాసిటీ సెట్టింగులతోనే సరిచేయొచ్చా?