అప్‌డేట్: నల్లగొండ పాత ఇల్లు ఇంజనీర్‌కి చూపించాం

నల్లగొండలో మేం కొనాలనుకుంటున్న పాత ఇంట్లో గోడల అడుగున పెయింట్ ఎందుకు పొక్కులు లేస్తోందని అడిగాను కదా. తెలిసిన సివిల్ ఇంజనీర్‌కి చూపించాం. పునాది మీద డీపీసీ (తేమను పైకి రాకుండా ఆపే పొర) సరిగ్గా లేక నేలలోని తేమ గోడలోకి ఎక్కుతోందట, పైన ఎన్నిసార్లు రంగు వేసినా ఆగదు. డాబా మీద వాలు లేక వాన నీళ్లు మధ్యలోనే నిలుస్తున్నాయి, ఆ నీళ్లు దిగి స్లాబులోని ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఉబ్బి సీలింగ్ పెచ్చులు ఊడుతోంది.

నాకు అన్నిటికంటే భయమేసింది కరెంటు విషయంలో. త్రీ పిన్ సాకెట్లు ఉన్నాయి గానీ వాటికి ఎర్త్ వైరే లేదు, గీజర్ కూడా అలాగే వాడుతున్నారు, మా ఇంట్లో చిన్న పిల్లలున్నారు! ఎర్తింగ్ చేయించి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) పెట్టించాకే రిజిస్ట్రేషన్ అన్నాం, ఓనర్ ఒప్పుకున్నాడు. బోరు నీళ్లు ఫ్లోరైడ్ టెస్టుకిచ్చాం, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి వాడం. తేమ గోడల ఖర్చు రేటులో తగ్గించమన్నాం, అదింకా తేలలేదు.